1923 కార్మిక నష్టపరిహార చట్టం: సాక్షి హాజరు, వాంగ్మూలం

1924 జూలై 1న అమల్లోకి వచ్చిన ఈ చట్టం మద్రాసు ప్రెసిడెన్సీలోని ఆంధ్ర జిల్లాలకు వర్తించింది. నిజాం రాజ్యం బ్రిటిష్ ఇండియాలో భాగం కాదు కనుక సింగరేణి గనులు అప్పట్లో దీని పరిధిలోకి రాలేదు. విద్యార్థులు సాధారణంగా నష్టపరిహారం లెక్కల దగ్గరే ఆగిపోతారు. లెక్క వేయాలంటే ముందు ప్రమాదం పనిలో ఉండగా, పని కారణంగా జరిగిందని తేలాలి. 1855 నాటి ప్రాణాంతక ప్రమాదాల చట్టం కింద యజమాని తప్పిదాన్ని రుజువు చేయవలసి వచ్చేది. 1923లో ఆ భారం తొలగింది కానీ సాక్షి అవసరం తొలగలేదు. కార్మికుడు తాగి ఉన్నాడని, రక్షణ సాధనాన్ని తానే తీసేశాడని యజమాని వాదిస్తే, అది నిజం కాదని చెప్పగలిగేది పక్క యంత్రం మీద పనిచేసే మనిషే. అతనికి కూలి ఇచ్చేదీ ఆ యజమానే. అసలు చిక్కు ఇక్కడుంది.

సెక్షన్ 23 కమిషనర్‌కు సివిల్ కోర్టు అధికారాలిచ్చింది. ప్రమాణం చేయించి సాక్ష్యం తీసుకోవచ్చు, సాక్షులను రప్పించవచ్చు, పత్రాలు తెప్పించవచ్చు. కక్షిదారు కోరి, నిర్ణీత ఖర్చులు చెల్లిస్తే సమన్లు జారీ అవుతాయి. న్యాయమైన తీర్పుకు ఆ సాక్షి అవసరం లేదనుకుంటే కమిషనర్ నిరాకరించవచ్చు. చెయ్యి పోయి ఇంట్లో కూర్చున్నవాడు డబ్బెక్కడ తెస్తాడు? పేదరికం వల్ల కట్టలేడని నమ్మితే ఫీజులు మాఫీ చేయవచ్చని 1924 నిబంధనలు చెప్పాయి. కార్మికుని తరఫున వకీలు హాజరు కావచ్చు గానీ, సాక్షిగా విచారించవలసినప్పుడు మాత్రం అతనే రావాలి.

ఈ నిబంధనల్లో నాకు అన్నిటికంటే ఆసక్తికరంగా తోచేది సంక్షిప్త విచారణ. ప్రమాద స్థలాన్ని చూడబోయినప్పుడు గానీ, మరెప్పుడైనా గానీ, విషయం తెలిసి ఉండవచ్చనుకున్న ఎవరినైనా కమిషనర్ ప్రశ్నించవచ్చు. కక్షిదారులు ఎదుట ఉండనక్కరలేదు. ప్రమాణం ఉండదు. చెప్పింది రాసుకున్నా సంతకం తీసుకోరాదు, దాని మీద తీర్పు చెప్పరాదు. యజమాని కంటపడకుండా మాట్లాడే వీలు ఇది. అయితే అదే మనిషి తరువాత సాక్షిగా వచ్చి ముఖ్యమైన విషయంలో మాట మారిస్తే, కమిషనర్ ఆ పాత మాటను గుర్తు చేయవచ్చు. అలా చేసినప్పుడు ఆ భాగాన్ని ఇరుపక్షాలకూ ఇవ్వాలి. అంటే భయపడి మాట మార్చినవాడి తొలిమాట యజమాని చేతికీ చేరుతుంది. రక్షణ సగమే.

సాక్ష్యం నమోదు విషయం సెక్షన్ 25లో ఉంది. ప్రతి సాక్షి మాటల సారాంశాన్ని కమిషనర్ స్వహస్తంతో క్లుప్తంగా రాసి సంతకం చేయాలి. వైద్య సాక్షి మాటలను మాత్రం వీలైనంతవరకు ఉన్నవి ఉన్నట్టు రాయాలి. సంపాదన శక్తి ఎంత తగ్గిందన్నది వైద్యుని మాట మీద ఆధారపడుతుంది కనుక ఈ తేడా అర్థం చేసుకోదగినదే. కానీ సెక్షన్ 30 ప్రకారం గణనీయమైన న్యాయ ప్రశ్న ఉంటేనే హైకోర్టుకు అప్పీలు ఉంటుంది. తోటి కూలీ కళ్లారా చూసి చెప్పినది కమిషనర్ రాసుకున్న ఆ నాలుగు పంక్తుల్లో లేకపోతే, పై కోర్టు దాకా వెళ్లినా అది ఎవరికీ కనిపించదు.