రహీం, సయ్యద్ అబ్దుల్

సయ్యద్ అబ్దుల్ రహీం (1909 ఆగస్టు 17 – 1963 జూన్ 11) 1950 నుంచి కన్నుమూసేదాకా భారత ఫుట్‌బాల్ జట్టు కోచ్. పుట్టింది హైదరాబాద్‌లో. ఉస్మానియాలో చదివి బడిపంతులయ్యారు. మైదానంలో అందరికీ ఆయన ‘రహీం సాబ్’. పంతులుతనం మాత్రం కడదాకా ఆయన్ను వదల్లేదు.

ఆయన చేతిలో పడ్డాక హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు ఎదురులేకుండా పోయింది. 1950లో డ్యూరాండ్ కప్ ఫైనల్లో మోహన్ బగాన్‌ను ఓడించింది. అప్పట్లో బొంబాయిలో జరిగే రోవర్స్ కప్‌ను 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు గెలిచింది. సాధనలో ఆయన పెట్టే షరతులు వింతగా ఉండేవి. కుడికాలి వాటం ఉన్నవాడు ఎడమకాలితోనే తన్నాలి. బంతి కాలికి తగిలిన మరుక్షణం పక్కవాడికి అందించేయాలి. ఒంటరి విన్యాసాలు ఆయనకు గిట్టేవి కావు. సికింద్రాబాద్ శివారు అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాం ఈ బడిలోనే రాటుదేలి ఒలింపిక్స్ దాకా వెళ్లాడు.

1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో ఇరాన్‌పై 1-0తో భారత్‌కు స్వర్ణం దక్కింది. మరుసటి ఏడాది హెల్సింకీ ఒలింపిక్స్‌లో ఆ సంబరం ఆవిరైంది. ఆటగాళ్లలో చాలామంది ఉత్తకాళ్లతోనే దిగారు. యుగోస్లావియా 10-1తో చితక్కొట్టింది. ఆ తర్వాతే మనవాళ్లకు బూట్లు తప్పనిసరయ్యాయి.

1956లో మెల్‌బోర్న్ నాటికి జట్టు తీరే మారిపోయింది. నెవిల్ డిసౌజా మూడు గోల్స్ కొట్టగా ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి, ఒలింపిక్ సెమీస్ చేరిన తొలి ఆసియా జట్టుగా నిలిచింది. చివరికి దక్కింది నాలుగో స్థానం. సెంటర్ ఫార్వర్డ్‌ను కాస్త వెనక్కి దించి ఎదుటి డిఫెండర్‌ను ముందుకు లాగే ఎత్తు రహీం సొంతమేమీ కాదు, హంగేరీ అప్పటికే చూపింది. దాన్ని మనవాళ్ల కాళ్లకు అలవాటు చేయడమే ఆయన గొప్ప.

అసలు కథ 1962 జకార్తా ఆసియా క్రీడలది. తొలి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓటమి. థాయిలాండ్‌తో ఆటలో డిఫెండర్ జర్నైల్ సింగ్ తల పగిలి కుట్లు పడ్డాయి. ఇంకొకరైతే అతణ్ని ఇంటికి పంపేవారు. రహీం అతణ్ని ఫార్వర్డ్‌గా దించారు! దక్షిణ వియత్నాంతో సెమీస్‌లో జర్నైల్ గోల్ కొట్టాడు. ఫైనల్లో మళ్లీ కొరియానే. ఇజ్రాయెల్, తైవాన్‌లను రానివ్వనందుకు భారత ప్రతినిధి జి.డి.సోంధీ నిర్వాహకులను తప్పుపట్టడంతో ఇండోనేసియా జనం మనపై మండిపడుతున్నారు. సుమారు లక్షమంది కేకలు వేస్తుంటే, స్టాండ్స్‌లో మనకోసం చప్పట్లు కొట్టింది పాకిస్తాన్ హాకీ జట్టు. పి.కె.బెనర్జీ ఒకటి, కుట్ల తలతోనే జర్నైల్ ఒకటి కొట్టారు, 2-1.

ఏడాది తిరక్కుండానే క్యాన్సర్ రహీంను తీసుకుపోయింది. కొడుకు సయ్యద్ అబ్దుల్ హకీం 1960 రోమ్ ఒలింపిక్స్ జట్టు సభ్యుడు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో జకార్తా తర్వాత భారత్‌కు మరో స్వర్ణం రాలేదు.