ఓనమాలకూ పుస్తకానికీ మధ్య

బళ్లారి కలెక్టరు ఏ.డి. కాంప్‌బెల్ 1823 ఆగస్టులో మద్రాసు ప్రభుత్వానికి పంపిన నివేదికలో ఒక అక్షరాభ్యాసం కనిపిస్తుంది. పిల్లవాడికి ఐదో ఏడు రాగానే అయ్యవారినీ బడిపిల్లలనూ ఇంటికి పిలుస్తారు. వినాయకుడి బొమ్మ చుట్టూ అందరూ కూర్చుంటారు. అయ్యవారు ధూపం వేసి, నైవేద్యం పెట్టి, పిల్లవాడి చేత ప్రార్థన చెప్పించి, వేలు పట్టి బియ్యంలో దేవుడి పేర్లు రాయిస్తారు. ఇల్లూ బడీ ఒక్కచోట కూర్చున్న రోజు అది. మర్నాటి నుంచి చదువు బడి సొత్తు. ఇంటికి మిగిలేది అయ్యవారి జీతం చెల్లించడం, దసరాకు పిల్లలు విల్లంబులు పట్టుకుని పాడుతూ గడప ముందుకు వస్తే ఆయనకు కానుక, వాళ్లకు పప్పుబెల్లాలు ఇవ్వడం. అక్షరాలు రావడం వేరు, చదువరి కావడం వేరు. తెలుగునాట ఈ రెంటి మధ్య చాలాకాలం పెద్ద ఖాళీ ఉండేదనీ, దాన్ని పూడ్చడంలో బడికంటే ఊరూ ఇల్లూ ఎక్కువ పని చేశాయనీ నా వాదన. మొదటి సాక్ష్యం ఆ నివేదికలోనే ఉంది.

అప్పటి బళ్లారి జిల్లాలో నేటి అనంతపురం ప్రాంతం కూడా కలిసి ఉండేది. జనాభా 9,27,857. బడులు 533, వాటిలో తెలుగువి 226. మొత్తం చదివేవాళ్లు 6,641 మంది, అంటే బడికి పన్నెండు మంది. ఇసుకలో వేలితో దిద్దించడం, పెద్ద పిల్లల చేత చిన్నవాళ్లకు చెప్పించడం కాంప్‌బెల్‌కు ఎంతో నచ్చాయి. ఇంగ్లండు ఈ పద్ధతిని అనుకరించడం సబబే అన్నాడు. పొద్దున్నే అందరికంటే ముందొచ్చిన వాడి అరచేతిలో సరస్వతి పేరు రాసేవారట. రెండోవాడికి సున్న. మూడోవాడికి ఒక దెబ్బ, ఆపైన వచ్చిన ప్రతివాడికీ ఒక్కోటి ఎక్కువ. పన్నెండో వాడికి పది దెబ్బలన్నమాట. ఆయనకు నచ్చనిది మరొకటి. పిల్లలు పద్యాలు గడగడా అప్పజెబుతారు గాని అర్థం మాత్రం చిలక్కి తెలిసినంతే తెలుస్తుంది. పుస్తకాల భాషకూ నోటి భాషకూ పొంతన లేకపోవడమే అందుకు ముఖ్య కారణమని ఆయన రాశాడు.

తెల్లదొర మాటను అంత తేలిగ్గా నమ్మాలా అని ఎవరైనా అడగవచ్చు. ఇలాంటి నివేదికలనే ఆధారం చేసుకుని చరిత్రకారుడు ధర్మపాల్ 1983లో, మన ఊరి బడులు అప్పటి ఇంగ్లండు బడులకు తీసిపోయేవి కావని వాదించాడు. ఆ వాదనలో బలముంది. కాంప్‌బెల్ కూడా బడులు మూతపడడానికి దేశం పేదదైపోవడమే కారణమన్నాడు. విదేశీ బట్ట వచ్చి నేతవాళ్ల రాబడి పడిపోయిందనీ, ఒక్క బడికైనా సర్కారు సాయం లేదనీ సిగ్గుపడుతూ రాశాడు. అయితే బడులు ఎన్ని ఉండేవన్నది ఒక ప్రశ్న, ఆ బడి నుంచి ఇంటికొచ్చిన పిల్లవాడు సాయంత్రం ఏం చదివేవాడన్నది ఇంకో ప్రశ్న. కంఠతా పట్టడాన్ని నేను తప్పుపట్టను. వేమన పద్యం నోటికి రావడానికి నిఘంటువు అక్కర్లేదు, పెద్దయ్యాక కూడా అది అక్కరకొస్తుంది. కాని నోటికొచ్చిన పద్యం కొత్త పేజీని విప్పదు. ఆ 6,641 మందిలో ఆడపిల్లలు అరవై మంది మాత్రమే. పిల్లవాడు చదివేది తప్పో ఒప్పో చెప్పగల తల్లి ఆ జిల్లాలో దాదాపు లేదన్నమాట. ఇల్లు చదువులోకి రాలేకపోయింది ఇందుకే: పుస్తకం ఇంటిభాషలో లేదు, ఇంట్లో ఉన్న మనిషికి అక్షరం లేదు.

భాష వైపు నుంచి ఈ ముడిని విప్పడానికి పూనుకున్నవాడు గిడుగు రామమూర్తి. మాట్లాడే భాషలోనే పుస్తకాలు రాయాలన్న వ్యావహారిక భాషోద్యమాన్ని పండితుల తగవుగా చూడడం మనకు అలవాటైపోయింది గాని, అది తరగతి గదిలో పుట్టిన గొడవ. పర్లాకిమిడిలో పనిచేస్తూ గిడుగు ముందు అక్కడి కొండల్లోని గిరిజనుల భాష సవర నేర్చుకున్నాడు. సవర పిల్లలకు వాళ్ల భాషలోనే వాచకాలు రాశాడు, సొంత డబ్బుతో బడులు నడిపాడు. 1906 ప్రాంతంలో బడుల పరీక్షాధికారి జె.ఏ. యేట్స్, పాఠంలో తెలుగుకూ బజారులో తెలుగుకూ ఇంత తేడా ఎందుకని అడిగినప్పుడు ఆ ప్రశ్న గిడుగుకు కొత్తగా అనిపించి ఉండదు. కొండల్లో ఆయన దానికి అప్పటికే జవాబు వెతుక్కుంటున్నాడు. ప్రతిపక్షాన, గ్రాంథిక భాషే ఉండాలన్న జయంతి రామయ్య పంతులు వంటివారున్నారు. జిల్లాకో యాస ఉంటే దేన్ని పాఠం చేయాలి, పిల్లలు కావ్యాలకు దూరమైపోరా అన్నవి వాళ్ల భయాలు. మొదటి ప్రశ్న న్యాయమైనదే, ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. రెండోదానికి జవాబు సులువు. చదవడం ఇష్టమైనవాడు ఏదో ఒకనాడు కావ్యం దాకా వెళ్తాడు, కావ్యంతో మొదలుపెట్టించినవాడు చాలాసార్లు వాకిట్లోనే ఆగిపోతాడు.

పుస్తకాన్ని ఊరికి చేర్చే పని గ్రంథాలయోద్యమానిది. హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం 1901లోనే వచ్చింది. 1914 ఏప్రిల్ 10న అయ్యంకి వెంకటరమణయ్య చొరవతో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథభాండాగారుల మొదటి మహాసభ జరిగాక అది ఉద్యమమైంది. నాకు అన్నిటికంటే నచ్చేది పడవ. 1935లో పాతూరి నాగభూషణం గుంటూరు జిల్లా కాలువలో కొల్లూరు, పెదవడ్లపూడిల మధ్య తిరిగే పడవలో పుస్తకాలు పెట్టించాడు. కాలువ ప్రయాణం నిదానం. చేతిలో పుస్తకం ఉంటే పొద్దుపోయేది. ఈ గ్రంథాలయాలు పెద్దవాళ్లవి, అందులోనూ మగవాళ్లవి, చాలావరకు పై కులాలవి, వాటిలో పిల్లల ప్రస్తావన ఏదీ అంటే కాదనలేను. అయినా రెండు అలవాట్లు అక్కడ పాతుకున్నాయి. ఒకరు చదివితే పదిమంది వినడం ఒకటి, పుస్తకం చేతబట్టుకుని ఇంటికి పోవడం రెండోది. పురాణ కాలక్షేపంలో మొదటిది మనకు ఎప్పటినుంచో ఉంది, కాని అక్కడ పుస్తకం పౌరాణికుడి ఒడి దాటేది కాదు. ఇవాళ ఇంటిపన్ను మీద రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సుగా పోతున్నాయి. కట్టేవాళ్లలో ఎందరికి ఆ సంగతి తెలుసో!

ఇంటికొచ్చిన పుస్తకాన్ని పిల్లల చేతికి అందించినవి పత్రికలు. రేడియో అన్నయ్యగా పేరుపడ్డ న్యాపతి రాఘవరావు 1945లో ‘బాల’ తెచ్చాడు. 1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణి మద్రాసు నుంచి ‘చందమామ’ మొదలుపెట్టారు. చిన్న వాక్యం, కథ చెప్పే గొంతు, పేజీకో బొమ్మ. అక్షరాలు కూడబలుక్కునే తల్లి కూడా ఎక్కడా తడబడకుండా పైకి చదివి వినిపించగల తెలుగు అది. కొనగలిగిన ఇళ్లకే కదా వచ్చింది అనవచ్చు. నిజమే, కొననివాళ్లు చాలామంది. కాని అట్టలూడిన పాత సంచికలు ఇల్లిల్లూ తిరిగేవి, పన్నెండు నెలలవీ కలిపి కుట్టిన బైండు ఇంకో తరం చేతికి పోయేది. కొన్న లెక్కతో చదివినవాళ్ల లెక్క తేలదు.

ఈ కథలో గిడుగు మొదలుపెట్టిన చోటు మాత్రం చాలాకాలం అలాగే ఉండిపోయింది. కోయ, గోండు, కొలాం పిల్లలు బడికి వస్తే ఎదురయ్యేది తెలుగు వాచకం. 1823లో బళ్లారి పిల్లవాడికి కావ్యభాష ఎంత పరాయిదో వీళ్లకు ఆ తెలుగు అంతకన్నా పరాయిది. మైదానాల్లో గెలిచిన వాదన కొండెక్కడానికి దాదాపు వందేళ్లు పట్టింది. 2004 ప్రాంతంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఎనిమిది భాషల్లో, 240 బడుల్లో, పిల్లల ఇంటిభాషతోనే చదువు మొదలుపెట్టించింది. ఊళ్లో ముసలివాళ్లు చెప్పుకునే కథలు తెలుగు లిపిలో పాఠాలయ్యాయి. ఆ ఎనిమిది భాషల్లో సవర కూడా ఉంది.