పామర్రు ప్రాంతంలో పురుషుల స్థానిక పెత్తనం - స్త్రీల హక్కులు

పామర్రు కృష్ణా జిల్లాలో విజయవాడ నుంచి మచిలీపట్నం వెళ్లే జాతీయ రహదారి మీద ఉన్న మండల కేంద్రం. ఇక్కడా, చుట్టుపక్కల డెల్టా గ్రామాల్లోనూ ఊరికి సంబంధించిన నిర్ణయాలు తరతరాలుగా భూమి ఉన్న మగవాళ్ల చేతుల్లో నడిచాయి. పెళ్లి, ఆస్తి, పదవి, సాగునీరు అనే నాలుగు విషయాల్లో స్త్రీల హక్కుల మీద ఆ పెత్తనం ప్రభావం స్పష్టంగా కనిపిస్తుంది. 1980ల నుంచి వచ్చిన చట్టాలు పంచాయతీ కార్యాలయంలో ఎవరు కూర్చోవాలన్నది మార్చాయి. భూమి ఎవరి పేరున ఉంటే వారికే మాట చెల్లే చోట్ల మాత్రం మార్పు చాలా నెమ్మదిగా వచ్చింది.

ఊరి పెద్దరికం

డెల్టా గ్రామంలో పెద్దమనిషి అనిపించుకోవడానికి పొలం, కులం, వయసు కావాలి. మగవాడై ఉండాలన్నది ఎవరూ పైకి చెప్పనవసరం లేని షరతు. గట్టు తగాదాల నుంచి మొగుడూ పెళ్లాల గొడవల దాకా రచ్చబండ దగ్గరో, రామాలయం అరుగు మీదో, పెద్దరైతు ఇంటి వసారాలోనో తేల్చేవారు. ఆడమనిషి గొడవైతే ఆమె తరఫున తండ్రో అన్నదమ్ములో మాట్లాడతారు. తన సంగతే తేలుతున్నా ఆమె గుమ్మం అవతలే ఉంటుంది. తీర్పు సాధారణంగా రెండు రకాలు. సర్దుకుపొమ్మని కాపురానికి పంపడం ఒకటి, ఇచ్చిన కట్నంలో కొంత వెనక్కి ఇప్పించి తెగదెంపులు చేయడం రెండోది. పేటల్లో ఉండే దళిత స్త్రీలకు ఈ పెద్దరికం రెండంచెలు. పేట పెద్దల మాట దాటితే ఊళ్లో భూస్వామి మాట, అక్కడ కూలి పని కూడా అతని చేతిలోదే.

గృహహింస నుంచి రక్షణ చట్టం 2006 అక్టోబరు 26 నుంచి అమల్లోకి వచ్చింది. 2019లో గ్రామ సచివాలయాలు పెట్టినప్పుడు మహిళా సంరక్షణ కార్యదర్శులను నియమించి, తర్వాత వారిని మహిళా పోలీసులన్నారు. అయినా పోలీసు స్టేషను గడప తొక్కేలోపు పెద్దమనుషుల దగ్గర ఒక మాట అనుకోవడమనే ఆచారం పోలేదు. రాజీ అక్కడే కుదిరితే ఆ కేసు ఏ లెక్కలోకీ ఎక్కదు.

కోటేశ్వరమ్మ

ఈ పెత్తనాన్ని లోపలి నుంచి చూసి రాసిన స్త్రీ పామర్రులోనే పుట్టింది. కొండపల్లి కోటేశ్వరమ్మ 1918లో ఇక్కడ జన్మించారు. ఊహ తెలియని వయసులో పెళ్లి చేశారు, ఊహ తెలిసేలోగానే వితంతువయ్యారు. సంఘసంస్కర్త కందుకూరి వీరేశలింగం రాజమహేంద్రవరంలో మొదటి వితంతు వివాహం జరిపించింది 1881లో. అర్ధ శతాబ్దం గడిచాక కూడా డెల్టా ఊళ్లలో అలాంటి పెళ్లి చేసుకోవడమంటే ఊరినీ కులాన్నీ ఎదిరించడమే. కోటేశ్వరమ్మ కమ్యూనిస్టు కార్యకర్త కొండపల్లి సీతారామయ్యను పెళ్లాడి, ఉద్యమంలోకి వెళ్లారు. మహిళా సంఘంలో పనిచేశారు, కమ్యూనిస్టుల సాంస్కృతిక సంస్థ ప్రజానాట్యమండలి వేదికల మీద పాడారు, ఒంటిమీది నగలు పార్టీకి ఇచ్చేశారు, అజ్ఞాతవాసం చేశారు.

ఊరి పెద్దల నుంచి విడిపించిన ఉద్యమంలో కూడా నిర్ణయాలు మగవాళ్లవే. భర్త ఆమెను వదిలి వెళ్లాక, ముప్పై దాటిన వయసులో హైదరాబాదు ఆంధ్ర మహిళాసభలో చేరి మెట్రిక్ చదువుకుని, కాకినాడలో విద్యార్థినుల హాస్టల్‌లో ఉద్యోగం సంపాదించుకున్నారు. ఆ భర్తే తర్వాత పీపుల్స్‌వార్ అనే నక్సలైట్ పార్టీ స్థాపకుడయ్యారు. ఆమె ఆత్మకథ 'నిర్జన వారధి' 2012లో వెలువడింది. స్థానిక నాయకత్వం గురించిన చర్చలో ఆ పుస్తకానికి దక్కాల్సిన చోటు ఇంకా దక్కలేదనే చెప్పాలి. దాన్ని ఉద్యమ చరిత్రగా చదివినంతగా, ఒక ఆడమనిషి తరఫున ఎవరెవరు నిర్ణయాలు తీసుకున్నారన్న లెక్కగా ఎవరూ చదవలేదు. ఆమె 2018 సెప్టెంబరులో, నూరేళ్లు నిండాక, విశాఖపట్నంలో కన్నుమూశారు.

ఆస్తి

పామర్రు మండలంలోని నిమ్మకూరు నందమూరి తారక రామారావు పుట్టిన ఊరు. ముఖ్యమంత్రిగా ఆయన ప్రభుత్వం తెచ్చిన 1986 నాటి హిందూ వారసత్వ సవరణ చట్టం ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కొడుకుతో సమానంగా కూతురికి పుట్టుకతోనే హక్కు ఇచ్చింది. దేశంలో కూతుళ్లను ఇలా సమాన దాయాదులను చేసిన మొదటి రాష్ట్రం ఆంధ్రప్రదేశ్. తమిళనాడు 1989లో, మహారాష్ట్ర, కర్ణాటక 1994లో అదే దారి పట్టాయి. 2005లో కేంద్రం దేశమంతటికీ వర్తింపజేసింది. 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు వినీతా శర్మ కేసులో, 2005 నాటికి తండ్రి బతికి లేకపోయినా కూతురి హక్కు చెల్లుతుందని తేల్చింది.

రాష్ట్ర చట్టంలో ఒక మెలిక ఉండేది. 1985 సెప్టెంబరు 5కు ముందే పెళ్లయిన కూతుళ్లకు అది వర్తించలేదు. అంటే అప్పటికి అత్తారింట్లో ఉన్న తరమంతా 2005 దాకా బయటే. మిగిలినవారి విషయంలో ఊరు తన మార్గాలు తాను వెతుక్కుంది. పెళ్లిలో పసుపుకుంకుమ కింద కొంత పొలమో డబ్బో ఇచ్చాం కదా అనడం, అన్నదమ్ముల పేర హక్కు విడుదల దస్తావేజు మీద సంతకం పెట్టించడం, తండ్రి చేత వీలునామా రాయించడం. దస్తావేజు రాసే లేఖరి నుంచి సాక్షుల దాకా ఆ గదిలో ఉండేవాళ్లు చాలావరకు మగవాళ్లే. వాటా అడిగిన ఆడపడుచుకు పుట్టింటి రాకపోకలు తెగిపోతాయన్న భయం మీద ఈ ఏర్పాటంతా నిలబడింది. కాలువ కింద మాగాణి ధర ఆకాశానికి ఎక్కిన కొద్దీ ఆ ఒత్తిడీ పెరిగింది.

పంచాయతీ

1959లో మూడంచెల పంచాయతీరాజ్ మొదలైనప్పుడు స్త్రీలకు ఒకటి రెండు స్థానాలు కేటాయించడంతో సరిపెట్టారు. ఆ స్థానాల్లోకి పెద్దల ఇళ్ల ఆడవాళ్ల పేర్లు ఎక్కేవి, హాజరు పుస్తకం ఇంటికే వచ్చేది. 1986 నాటి పంచాయతీరాజ్ చట్టం మండల, జిల్లా స్థాయి అధ్యక్ష పదవుల్లో స్త్రీలకు 9 శాతం కేటాయించింది. దేశంలో అప్పటికి అది కూడా కొత్తే. అసలు మలుపు 73వ రాజ్యాంగ సవరణ. 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చి, సభ్యులలోనూ అధ్యక్షులలోనూ మూడో వంతు స్త్రీలకు తప్పనిసరి చేసింది. 2011లో రాష్ట్రం దాన్ని సగానికి పెంచింది. 2013, 2021 గ్రామ పంచాయతీ ఎన్నికలు ఆ లెక్కనే జరిగాయి. కృష్ణా జిల్లా పరిషత్ అధ్యక్ష పీఠంలో 2014లో గద్దె అనూరాధ, 2021లో ఉప్పాల హారిక కూర్చున్నారు. షెడ్యూల్డ్ కులాలకు రిజర్వయిన పామర్రు శాసనసభ స్థానం నుంచి 2014లో ఉప్పులేటి కల్పన గెలిచారు.

పదవి దక్కిన చోట కూడా పెత్తనం తేలిగ్గా వదల్లేదు. సర్పంచి ఆమె, సమావేశంలో మాట్లాడేది భర్త. రిజర్వేషన్ ప్రకటన రాగానే ఊరి పెద్దలు అభ్యర్థి కోసం కాక, అభ్యర్థి భర్త కోసమో కొడుకు కోసమో వెతుకుతారు. ఉపసర్పంచి పదవికి రిజర్వేషన్ లేదు, వార్డు సభ్యులే ఎన్నుకుంటారు. స్త్రీ సర్పంచి ఉన్న ఊళ్లో ఆ పదవి పాత పెద్దరికానికి పక్కదారి అవుతుంది. తెలంగాణ 2018 చట్టం చెక్కుల మీద సర్పంచికి, ఉపసర్పంచికి ఉమ్మడి సంతకం పెట్టడంతో అక్కడ ఆ దారి ఇంకా విశాలమైంది. ఏకగ్రీవం మరో మార్గం. 2021లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఏకగ్రీవ పంచాయతీలకు జనాభాను బట్టి 5 లక్షల నుంచి 20 లక్షల రూపాయల ప్రోత్సాహకం ప్రకటించింది. ఏకగ్రీవం కుదిరేది మగవాళ్ల కూటమిలో, రాత్రి పూట. సొంతంగా నామినేషన్ వేసిన స్త్రీని విరమించుకోమని అడగడానికి ఊరి బాగు కోసమన్న మాట అప్పుడు పనికొస్తుంది. పోటీ లేని ఎన్నికను ఐక్యతగా మెచ్చుకునే ప్రభుత్వాలు ఎవరి నోరు మూసి ఆ ఐక్యత వచ్చిందో అడగలేదు.

భర్తల పెత్తనం మీద దాఖలైన పిటిషన్ విషయంలో సుప్రీంకోర్టు 2023లో పంచాయతీరాజ్ మంత్రిత్వశాఖను చూడమనడంతో, ఒక కమిటీ ఏర్పడి 2025 ఫిబ్రవరిలో నివేదిక ఇచ్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ సామాజిక తనిఖీల లెక్కల మీద ఫర్జానా అఫ్రీది, వెగార్డ్ ఇవర్సెన్, శరణ్ చేసిన అధ్యయనం ఈ విషయంలో విలువైనది. రిజర్వుడు పంచాయతీల్లో స్త్రీ సర్పంచుల తొలి రోజుల్లో అక్రమాలు ఎక్కువగా కనిపించాయి, అనుభవం వచ్చేకొద్దీ ఆ తేడా మాయమైంది. అంటే మొదట్లో పక్కనున్నవారు ఆడించినా, పని పట్టుబడితే పగ్గాలు ఆమెకే వస్తాయి. రిజర్వేషన్ మారిపోతుండటం వల్ల ఆ పట్టు దొరికే వేళకు పదవి పోతోంది. పశ్చిమ బెంగాల్, రాజస్థాన్ గ్రామాల మీద రాఘవేంద్ర చట్టోపాధ్యాయ, ఎస్తేర్ డుఫ్లో 2004లో ప్రచురించిన పరిశోధనలో స్త్రీలు అధ్యక్షులైన పంచాయతీలు తాగునీటి మీద ఎక్కువ ఖర్చు పెట్టినట్లు తేలింది. బిందె మోసేది ఎవరో తెలిసినవారికి ఇందులో ఆశ్చర్యం లేదు.

పదవి లేకుండానే స్త్రీలు సాధించినదానికి సారా వ్యతిరేక ఉద్యమం ఎదురు ఉదాహరణ. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలై రాష్ట్రమంతా పాకిన ఆ ఉద్యమానికి పంచాయతీ అండ లేదు. సారా వేలం పాట చుట్టూ ఊరి నాయకత్వం అల్లుకుని ఉన్న రోజులవి. అక్షరదీపం అనే అక్షరాస్యతా తరగతుల్లో కలుసుకున్న ఆడవాళ్లే దాన్ని నడిపారు. 1993 అక్టోబరు 1 నుంచి ప్రభుత్వం సారా నిషేధించింది.

కాలువ, సొసైటీ

డెల్టాలో అసలు అధికారం నీటిది. 1997 సాగునీటి వ్యవస్థల నిర్వహణ చట్టం ప్రకారం నీటి సంఘంలో ఓటు ఆయకట్టులో భూమి యజమానిగానో కౌలుదారుగానో రికార్డుకెక్కినవారికే. నాట్లు, కలుపు పనులు చాలావరకు స్త్రీలవి, పట్టాలు చాలావరకు పురుషులవి. కౌలు రికార్డులో భార్య పేరు రాయించేవారు అరుదు. దాంతో 2024 డిసెంబరులో ఈ సంఘాలకు ఎన్నికలు జరిగినప్పుడూ పొలంలో ఉండే ఆడవాళ్లలో ఎక్కువమందికి వాటితో పనిలేకపోయింది. పరపతి ఇచ్చే ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘాల్లోనూ పాసుపుస్తకమే తలుపు. డ్వాక్రా సంఘాలు, గ్రామ సమాఖ్యలు స్త్రీలకు అప్పు, పొదుపు, సమావేశం ఇచ్చాయి. కాలువ తూము ఎప్పుడు ఎత్తాలో, ధాన్యం ఎక్కడ కొనాలో చెప్పే చోటు మాత్రం ఇవ్వలేదు.

ఇద్దరు పిల్లల నిబంధన

1994 పంచాయతీరాజ్ చట్టం ఇద్దరికి మించి పిల్లలున్నవారిని పోటీకి అనర్హుల్ని చేసింది. చట్టం వచ్చాక ఏడాది గడువిచ్చి, 1995 మే తర్వాత పుట్టిన మూడో బిడ్డను లెక్కలోకి తీసుకుంది. కాగితం మీద ఇది ఆడామగా తేడా లేని నియమం. 2003లో హర్యానా చట్టంలోని ఇలాంటి నిబంధనను సుప్రీంకోర్టు సమర్థించింది కూడా. కొడుకు పుట్టేదాకా కనమని పట్టుబట్టే ఇళ్లలో ఎంతమందిని కనాలో ఆమె నిర్ణయం కాదు, అనర్హత మాత్రం ఆమె మీద పడేది. ఆంధ్రప్రదేశ్ సహా అయిదు రాష్ట్రాల్లో నిర్మలా బుచ్ ఆధ్వర్యంలో జరిగిన అధ్యయనం ఈ నియమం భారం పేదల మీద, దళితుల మీద, స్త్రీల మీద పడిన తీరును నమోదు చేసింది. 2024 నవంబరులో రాష్ట్ర శాసనసభ ఈ నిబంధనను తొలగించింది. కారణం స్త్రీల హక్కులు కాదు, జననాల రేటు పడిపోవడం. ఆ సవరణ తర్వాత వచ్చే గ్రామ పంచాయతీ సాధారణ ఎన్నికలు, 1995 మే తర్వాత మూడో బిడ్డను కన్న తల్లి పామర్రు మండలంలో సర్పంచి పదవికి నామినేషన్ వేయడానికి వీలున్న మొదటి సాధారణ ఎన్నికలు.