ఇండికా ఏ దేశపు మొక్క?

నెదర్లాండ్స్‌లో ఉద్యోగం చేస్తున్న నా పూర్వవిద్యార్థి ఒకడు సెలవులకు వచ్చి, నన్ను చూడవచ్చినప్పుడు మాటల మధ్య ఒక సందేహం బయటపెట్టాడు. అక్కడి దుకాణాలలో గంజాయి విత్తనాలు పొట్లాలు కట్టి అమ్ముతారట. ఒక పొట్లం మీద 'ఇండికా పాలు ఎక్కువ, చల్లని ప్రదేశాలకు అనువైనది' అని వ్రాసి ఉన్నదట. "మాస్టారూ, ఇండికా అంటే భారతదేశపుదనే కదా? మన ఎండలలో పుట్టిన మొక్క ఆ చలిదేశంలో బాగా పెరగడమేమిటి?" అని అడిగాడు.

అడిగింది వృక్షశాస్త్రమే అయినా, నలభై ఏళ్ళు వ్యుత్పత్తులు చెప్పి బ్రతికినవాడిని కనుక నాకది శబ్దార్థవిచారంగా తోచింది. నాలుగు పుస్తకాలు తిరగవేశాను. తేలిన సంగతులు మిత్రులతో పంచుకుంటున్నాను.

1753లో స్వీడన్ దేశస్థుడు లిన్నేయస్ ఐరోపాలో నారకోసం పండించే మొక్కకు కానబిస్ సటైవా అని పేరు పెట్టాడు. లాటిన్‌లో సటైవా అంటే విత్తి పెంచినది అని అర్థం. ముప్పై ఏళ్ళ పిదప, 1785లో, ఫ్రాన్స్ దేశపు లామార్క్ (జిరాఫీ మెడ సాగిన కథతో మన పిల్లలకు పరిచితుడైన ఆయనే) భారతదేశం నుండి సోనెరా అనే యాత్రికుడు తెచ్చిన నమూనాలను పరిశీలించి, ఇది వేరు జాతి అని నిర్ణయించి కానబిస్ ఇండికా అన్నాడు. కాండం గట్టిది, నారకు అంతగా పనికిరాదు, ఆకు చీలికలు సన్ననివి, వాసన ఘాటు, మత్తు కలిగిస్తుంది. ఇవీ ఆయన చెప్పిన లక్షణాలు. 'సన్నని ఆకు' అన్న మాటను పాఠకులు గుర్తుపెట్టుకోవాలి.

మనవారికి ఈ మొక్క అంతకు వేల ఏళ్ళకు ముందే తెలుసు. అథర్వవేదంలో భంగ పేరున్నది. అమరసింహుడు దీనిని వైశ్యవర్గంలో, పంటల నడుమ చెప్పి, 'మాతులాని' అని పర్యాయపదమిచ్చాడు. మేనమామ భార్యకూ అదే మాట. అమరం వల్లెవేసే రోజుల్లో ఇది వచ్చినప్పుడల్లా మేము నవ్వడం, గురువుగారు బెత్తం తీయడం ఆనవాయితీ. ఇంకా విశేషం పాణినిది. నువ్వులు, మినుములు, అవిసె పండే చేలకు ఏ ప్రత్యయం చేర్చాలో చెబుతూ, ఐదవ అధ్యాయంలో ఆ వరుసలోనే భంగ పండే చేనికీ రూపం సాధించి పెట్టాడు. నువ్వుచేను, మినపచేను అన్నంత సామాన్యంగా భంగచేను అనే మాట ఆ ప్రాంతంలో వాడుకలో ఉండి ఉండాలి. పాణిని స్వగ్రామమైన శలాతురం గాంధారదేశంలోనిది. అక్కడికి వాయవ్యంగా లేచినవే హిందూకుష్ పర్వతాలు. నా శిష్యుడు చూసిన పొట్లంలోని మొక్క పుట్టుక ఆ వైపుదే.

కాందహారు, బల్ఖు ప్రాంతాలలో రైతులు తరతరాలుగా ఏరి పెంచిన రకం పొట్టిది, గుబురుగా కొమ్మలు వేసేది. ఆకు చీలికలు వెడల్పు, రంగు ముదురు పచ్చ. పూగుత్తులు దట్టం, బంక ఎక్కువ. చలి తగిలితే ఆకు ఊదారంగుకు తిరగడమూ కద్దు. ఎండిన పూతను జల్లించి హషీష్ చేస్తారు. దాని అసలు విలువ తొందరగా పండడంలో ఉంది. గంజాయి మొక్కకు రాత్రి నిడివి పెరగడమే పూతకాలానికి గుర్తు. భూమధ్యరేఖకు దగ్గరగా ఉన్న నేలల రకాలు తీరికగా పూసి మార్గశిర పుష్యాల దాకా ముదురుతాయి. కొండల్లో మంచు అంతకాలం ఆగదు. ఆశ్వయుజం నాటికి పని ముగించుకున్న మొక్కకే విత్తనం మిగిలేది, ఆ విత్తనమే మరుసటి ఏటికి.

1960, 70 దశకాలలో కాబూలు మీదుగా మన దేశానికి వచ్చిన హిప్పీలు ఆ విత్తనాలను మూటగట్టుకుపోయారు. కాలిఫోర్నియాలో వాటిని మెక్సికో, కొలంబియా రకాలతో సంకరం చేయగా వచ్చిన స్కంక్ 1980లలో నెదర్లాండ్స్ చేరింది. 52 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో శరత్తు ముగిసేలోగా పండే మొక్క వారికి కొండల సొమ్ములోనే దొరికింది. అయితే హిందూకుష్ చలి పొడిచలి, డచ్చివారిది తడిచలి. దట్టమైన ఆ గుత్తుల్లో వాననీరు నిలిచి బూజు పడుతుంది. చట్టానికి భయపడి కొంత, వానకు భయపడి కొంత, పంట గదుల్లోకి, దీపాల కిందికి పోయింది.

ఇక పేరు సంగతి. 1974లో హార్వర్డ్ ఆచార్యుడు షుల్టెస్, ఆయన సహచరులు అఫ్గాన్ మొక్కలను చూసి, పొట్టిగా గుబురుగా ఉండేదే లామార్క్ చెప్పిన ఇండికా అన్నారు. వ్యాపారులకు ఆ మాట నచ్చింది. వెడల్పాకు ఇండికా అయింది. సన్నాకు సటైవా అయింది. అంటే లామార్క్ మన దేశం పేరు పెట్టిన సన్నాకు మొక్క నేడు అంగడిలో ఐరోపా నారమొక్క పేరుతో చలామణి అవుతున్నది! 2020లో మెక్‌పార్ట్‌లాండ్, స్మాల్ అనే శాస్త్రజ్ఞులు దీనిని సవరించి, భారతీయ రకానికి ఇండికా అనే పేరు తిరిగి ఇచ్చి, మధ్య ఆసియా రకాన్ని అఫ్గానికా అన్నారు. సంకరాల వెల్లువలో ఈ రెండింటి అసలు బీజాలూ అంతరించిపోతున్నాయని కూడా హెచ్చరించారు. పొట్లాల మీద పేర్లు మాత్రం మారలేదు.

మనకూ చల్లని కొండలున్నాయి. నాటి విశాఖ ఏజెన్సీ, 2022 నుండి అల్లూరి సీతారామరాజు జిల్లా, అక్కడ పండే గంజాయికి పెట్టిన పేరు శీలావతి. శీలము గలది అని వ్యుత్పత్తి చెప్పడానికి నాకు నోరు రాదు. 2021 చివర పోలీసులు పరివర్తన అనే పేరిట వేల ఎకరాల తోటలు నరికించారు. 1985 చట్టానికి ఇండికా, సటైవా భేదం లేదు. కానబిస్ ప్రజాతిలో ఏ మొక్కయినా ఒకటే. గంజాయి 20 కిలోలు దాటితే పదేళ్ళకు తక్కువ శిక్ష లేదు.

నేను ఆ కొండల్లోని ఒక ఆశ్రమ పాఠశాలలో పనిచేశాను. విరమణకు ముందు ఏడాది ఒక తల్లి వచ్చింది. కూలికి మూట మోస్తూ కొడుకు పట్టుబడ్డాడు. వాడికి పద్దెనిమిది నిండలేదని రుజువు చూపితే బాలల కోర్టుకు పోతుందని వకీలు చెప్పాడట. పాత అడ్మిషన్ రిజిస్టరు దుమ్ము దులిపి, నా చేతివ్రాతలోనే ఉన్న పుట్టినతేదీ చూశాను. పట్టుబడ్డ నాటికి వాడికి పద్దెనిమిదేళ్ళ నాలుగు నెలలు. ఆ తేదీ ఆనాడు వాడి తండ్రి అంచనాగా చెబితే నేను వేసుకున్నది. ఆ మాట కూడా ఆమెకు చెప్పి, ఉన్నది ఉన్నట్టు నకలు వ్రాసి ఇచ్చాను.