శోషణీయ సిరామిక్ పూత

శోషణీయ సిరామిక్ పూత అనగా ఎముకలో అమర్చే లోహపు ఇంప్లాంటు ఉపరితలంపై వేసే పలుచని కాల్షియం ఫాస్ఫేటు పొర. కొత్త ఎముక పెరుగుతున్న కొద్దీ ఈ పొర కొంత శరీర ద్రవాలలో కరిగి, కొంత కణాలచే శోషింపబడి క్రమంగా తగ్గిపోతుంది. తుంటి కీలు మార్పిడిలోను, దంత ఇంప్లాంట్లలోను ఇటువంటి పూతలను వాడుతారు. పూత కరగడం లోపం కాదు, అది దాని ధర్మం. అయితే అది ఎంత వేగంగా కరగాలి అన్నదే ఈ రంగంలో ప్రధాన సమస్య.

అవసరం

ఇంగ్లాండుకు చెందిన జాన్ చార్న్‌లీ 1960వ దశకం తొలినాళ్ళలో కృత్రిమ తుంటి కీలును ఎముక సిమెంటుతో బిగించే పద్ధతిని స్థిరపరచాడు. సిమెంటు లేకుండా అమర్చినప్పుడు ఎముకే పెరిగి లోహాన్ని పట్టుకోవాలి. స్వీడన్ శాస్త్రవేత్త బ్రానెమార్క్ 1950వ దశకంలో కుందేళ్ళపై చేసిన ప్రయోగాలలో టైటానియంను ఎముక గట్టిగా అంటిపెట్టుకొనడం గమనించి, 1965లో మనిషికి దంత ఇంప్లాంటు అమర్చాడు. ఈ కలయికకు నెలలు పడుతుంది. ఆ లోపు ఇంప్లాంటు సుమారు 150 మైక్రోమీటర్లకు మించి కదిలితే ఎముకకు బదులు పీచు కణజాలం ఏర్పడుతుంది. అప్పుడు ఇంప్లాంటు వదులై, రోగికి నొప్పి, మరల శస్త్రచికిత్స తప్పవు. ఈ వ్యవధిని తగ్గించడమే పూత ఉద్దేశం.

పనిచేయు విధానం

ఎముక బరువులో దాదాపు మూడింట రెండు వంతులు ఖనిజమే. అది హైడ్రాక్సీఅపటైటును పోలి ఉంటుంది. అందువలన అదే జాతి పదార్థాన్ని పూతగా ఎంచుకుంటారు. పూత కరిగినపుడు ఆ చోట కాల్షియం, ఫాస్ఫేటు సాంద్రత పెరిగి, ఎముక ఖనిజం వంటి కొత్త పొర పేరుకుంటుంది. దానిపై ఎముకను నిర్మించే కణాలు స్థిరపడతాయి. ఎముకను అరగదీసే కణాలు ఆమ్లాన్ని స్రవించి మిగిలిన పూతను తొలగిస్తాయి.

హైడ్రాక్సీఅపటైటులో కాల్షియం, ఫాస్ఫరస్ పరమాణువుల నిష్పత్తి 1.67, అది నెమ్మదిగా కరుగుతుంది. ట్రైకాల్షియం ఫాస్ఫేటులో ఈ నిష్పత్తి 1.5, అది త్వరగా కరుగుతుంది. రెండింటినీ కలిపి వేగాన్ని సర్దుబాటు చేయవచ్చు. హైడ్రాక్సీఅపటైటులో ఫ్లోరైడు చేరితే కరగడం ఇంకా మందగిస్తుంది. నల్గొండ జిల్లా ప్రజలను పీడించిన ఫ్లోరోసిస్ వ్యాధిలోనూ నీటిలోని ఫ్లోరైడు ఎముక ఖనిజంలో ఇలాగే చేరుతుంది.

తయారీ

ప్లాస్మా స్ప్రే పద్ధతి ఎక్కువగా వాడుకలో ఉంది. 10,000 డిగ్రీల సెల్సియస్‌కు మించిన వేడి గల వాయుధారలో పొడిని పంపి, కరిగిన రేణువులను లోహంపై చిమ్ముతారు. పూత మందం సాధారణంగా 50 నుండి 150 మైక్రోమీటర్లు. రేణువులు హఠాత్తుగా చల్లారడం వలన కొంత భాగానికి స్ఫటిక రూపం రాదు. ఆ భాగం ముందుగా కరుగుతుంది. బ్రిటన్‌లో రోనాల్డ్ ఫర్లాంగ్ 1985లో ఈ పూత గల తుంటి కీలును రోగికి అమర్చాడు. జపాన్ శాస్త్రవేత్త కొకుబో రూపొందించిన, రక్తరసి లవణాలను పోలిన ద్రావణంలో లోహాన్ని 37 డిగ్రీల వద్ద ఉంచి పూత పెంచే పద్ధతి కూడా ఉంది.

హైదరాబాదులో సంబంధిత సంస్థలు

కంచన్‌బాగ్‌లో 1973లో స్థాపించిన మిశ్ర ధాతు నిగమ్ టైటానియం మిశ్రలోహాలను, వాటితో శరీరంలో అమర్చే ఇంప్లాంట్లను తయారు చేస్తుంది. టైటానియం స్పాంజి తయారీకి అక్కడి రక్షణ లోహ పరిశోధనాశాల అభివృద్ధి చేసిన విధానంతో కేరళలోని చవరలో కర్మాగారం వెలసింది. బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐ లోహాలపై స్ప్రే పూతల సాంకేతికతను అభివృద్ధి చేసి పరిశ్రమలకు అందించింది.

పరిమితులు

పూత మరీ త్వరగా కరిగితే ఎముక చేరకముందే ఖాళీ ఏర్పడుతుంది. మరీ మందంగా, గట్టిగా ఉంటే పెచ్చులుగా ఊడి, ఆ రేణువులు కీలు ఉపరితలాన్ని అరగదీయవచ్చు. స్వీడన్‌లోని తుంటి శస్త్రచికిత్సల నమోదుల ఆధారంగా 2010లో వెలువడిన అధ్యయనంలో, పూత గల గిన్నె భాగాలకు మరల శస్త్రచికిత్స అవసరం ఎక్కువగా కనబడింది. తొడ ఎముకలో దిగే కాడ భాగంపై 2011లో వచ్చిన అధ్యయనంలో పూత వలన చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. అందుచేత పూత ఉన్నంత మాత్రాన ఇంప్లాంటు మేలైనదని చెప్పలేము. అది అమర్చే భాగం, ఇంప్లాంటు ఆకృతి, శస్త్రచికిత్స నాటి బిగుతు కూడా ఫలితాన్ని నిర్ణయిస్తాయి.