భగేలా నుంచి చెరకు అడ్వాన్సు దాకా

పిల్లలూ, నిజాం రాజ్యంలో దొర దగ్గర కొద్దిపాటి అప్పు తీసుకుని, అది తీరేదాకా అతని దగ్గరే పనిచేసే మనిషిని 'భగేలా' అనేవారు. లెక్క దొర చేతిలోనే ఉండేది కనుక అప్పు తీరేది కాదు. తండ్రి పోతే కొడుకు మెడకు చుట్టుకునేది. 1936లో సర్కారు చట్టం తెచ్చినా ఊళ్లలో పెద్దగా ఏమీ మారలేదు. 1930లో మన జోగిపేటలో తొలి సభ జరుపుకున్న ఆంధ్ర మహాసభ తర్వాతి ఏళ్లలో వెట్టిని గట్టిగా ఎదిరించింది. జనగామ వైపు ధర్మాపురం లంబాడీలు తమ భూముల కోసం దొరకు ఎదురు నిలిచారు. జాటోతు ఠానూనాయక్ 1950లో ఆ పోరాటంలోనే ప్రాణమిచ్చాడు. కూలి ఎగ్గొట్టడం కంటే 'నేను రాను' అనే హక్కు లేకపోవడమే వెట్టిలో అసలు అవమానమని నాకనిపిస్తుంది. 1976 చట్టం ఆ అప్పులు తీర్చనక్కర్లేదని తేల్చింది.

ఇప్పుడు మన సంగతి. దీపావళి దాటగానే తండాల నుంచి ఆలుమగలు చెరకు కొట్టడానికి పోతారు. అడ్వాన్సు ముందే చేతికొస్తుంది. దాంతో పెళ్లో, బోరో గడుస్తుంది, తప్పు పట్టలేను. సీజన్ అయ్యాక బాకీ మిగిలితే మాత్రం మళ్లీ అదే మేస్త్రీ దగ్గరికే. ఒక ఏడాది మా హాస్టల్లో తొమ్మిదో తరగతి అమ్మాయిని, చంటిపిల్లను ఆడించాలని తల్లి వచ్చి తీసుకెళ్లింది. ఆ పిల్ల మళ్లీ బడికి రాలేదు.

2018 చట్టంతో మన తండాలెన్నో గ్రామ పంచాయతీలయ్యాయి. సేవాలాల్ జయంతికి అందరూ కూడినప్పుడు పెద్దలను అడగండి: ఈ అడ్వాన్సు లెక్క ఎవరి పుస్తకంలో ఉంది?