ఒకే జ్వరము – వేరువేరు గతులు

అంటువ్యాధి ఒక ఇంట ప్రవేశించినపుడు ఆ ఇంటివారినందరను ఒకే రీతిగా బాధింపదు. ఒకరు రెండు దినములు దగ్గి లేచి తిరుగుదురు. ఒకరికి వ్యాధి సోకినట్లే తెలియదు. మరియొకరు ఊపిరి చాలక ఆసుపత్రి పాలగుదురు. ఈ భేదమునకు మన పెద్దలు పెట్టిన పేరు తలవ్రాత. 2020వ సంవత్సరమున కరోనా వ్యాధి వచ్చినపుడు ఈ ప్రశ్న లెక్కలేనన్ని కుటుంబములను కలచివేసెను. ‘అదే గాలి పీల్చితిమి, అదే అన్నము తింటిమి, ఆయన పోయి నేనెందుకు మిగిలితిని?’ అని తమలో తాము అడిగికొన్నవారు శ్రోతలలో ఎందరో ఉందురు. ఆ ప్రశ్నకు శాస్త్రజ్ఞులు వెదకిన సమాధానముల చరిత్రలో మన హైదరాబాదు నగరమునకు, అందును అమీర్‌పేట, పంజగుట్ట పరిసరములకు చెప్పుకొనదగిన స్థానము కలదు.

ఈ చరిత్ర కరోనాతో మొదలైనది కాదు. అమీర్‌పేటకు ఆనుకొనియున్న బేగంపేటలో 1897వ సంవత్సరము ఆగస్టు 20వ తేదీన సైనిక వైద్యుడు రొనాల్డ్ రాస్ ఒక దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని కనుగొనెను. ఆ భవనము నేటికిని ఆయన పేరనే వ్యవహరింపబడుచున్నది. ఆ కాలపు వైద్యుల దృష్టి అంతయు క్రిమి మీదనే నిలిచియుండెను. క్రిమి దొరికినచో వ్యాధి రహస్యమంతయు దొరికినట్లే యని తలచిరి. అరశతాబ్దము గడచిన పిమ్మట, 1949లో, జె. బి. ఎస్. హాల్డేన్ అను శాస్త్రజ్ఞుడు కొన్ని వంశానుగత రక్తదోషములు మనుష్యుని మలేరియా నుండి కాపాడుచుండవచ్చునని సూచించెను. 1954లో ఆంథొనీ ఆలిసన్ తూర్పు ఆఫ్రికాలో పరిశోధించి, సికిల్ సెల్ లక్షణమును తల్లిదండ్రులలో ఒకరినుండి మాత్రమే పొందినవారికి మలేరియా బాధ తక్కువగా నుండునని నిరూపించెను. విత్తనమును మాత్రమే కాక నేలను కూడ పరీక్షింపవలెనని వైద్యలోకము అపుడు గ్రహించెను.

ఇక కరోనా సంగతి. తెలంగాణమున మొదటి రోగి సంగతి 2020 మార్చి 2వ తేదీన వెల్లడియయ్యెను. దేశమంతట రాకపోకలు నిలిచిపోయిన మార్చి 25వ తేదీన, హాస్టళ్ళు ఖాళీ చేయుమనగా దిక్కుతోచని యువతీయువకులు పంజగుట్ట, సంజీవరెడ్డినగరు పోలీసు స్టేషనుల ముందు అనుమతి పత్రములకై బారులు తీరిరి. వారిలో పలువురు ఆంధ్రప్రదేశ్ సరిహద్దున గరికపాడు వద్ద ఆగిపోవలసి వచ్చెను. వ్యాధివలన ఆ యువకులకు గల అపాయము స్వల్పము. వారి రాకకై ఎదురుచూచుచున్న తల్లిదండ్రులకు, తాతలకు గల అపాయము అట్టిది కాదు.

ఆ మాసములలోనే రోగులను విభజించు పద్ధతి ఏర్పడెను. లక్షణములు స్వల్పముగా నున్నవారిని అమీర్‌పేటలోని ప్రకృతి చికిత్సాలయము వంటి చోట్ల ఉంచిరి. ఊపిరాడనివారిని ముషీరాబాదులోని గాంధీ ఆసుపత్రికి చేర్చిరి. ఎవరు ఇచట నిలువగలరు, ఎవరు అచటికి పోవలసివచ్చును అని ముందుగా తెలిసికొనుటయే వైద్యునికి అసలు సమస్య.

వ్యాధి ఎంతమందిని తాకి, ఏమియు చేయక విడిచిపెట్టెనో నగరవాసులకు తరువాతనే తెలిసెను. జాతీయ పోషకాహార సంస్థ, సి. సి. ఎం. బి., భారత్ బయోటెక్ సంస్థలు కలసి నగరములోని 30 వార్డులలో సుమారు 9,000 మంది రక్తమును పరీక్షించి, 2021 మార్చిలో ఫలితములు ప్రకటించినవి. నూటికి 54 మంది రక్తమున వ్యాధి సోకిన చిహ్నములు కనబడెను. వారిలో ముప్పాతిక మందికి తమకు వ్యాధి వచ్చిపోయిన సంగతియే తెలియదు.

మరి తీవ్రముగా బాధపడినవారెవరు? దీనికి తొలి బలమైన సమాధానము తెలుగు నేలనుండియే వచ్చినది. ఆంధ్రప్రదేశ్, తమిళనాడు రాష్ట్రములలో సుమారు 85,000 మంది రోగులను, వారితో కలసిమెలసిన 5,75,000 మందిని పరిశీలించిన నివేదిక 2020 సెప్టెంబరు 30న వెలువడెను. 5 మొదలు 17 ఏండ్లలోపు పిల్లలలో వ్యాధి నిర్ధారణ యైనవారు పదివేలకు ఐదుగురు మరణించిరి. 85 ఏండ్లు దాటినవారిలో నూటికి 16 మందికి పైగా మరణించిరి. మరణించినవారిలో నూటికి 63 మందికి అంతకుముందే ఏదో ఒక దీర్ఘవ్యాధి ఉండెను. 45 మందికి మధుమేహము, 36 మందికి రక్తపుపోటు, 12 మందికి గుండెజబ్బు, 8 మందికి మూత్రపిండముల వ్యాధి. మరియొక సంగతి మరింత బాధాకరమైనది. మరణించినవారిలో సగముమంది పరీక్ష జరిగిన ఆరు దినములలోగానే కన్నుమూసిరి. వ్యాధి ముదిరిన పిమ్మటగాని వారు పరీక్షకు రాలేదని, లేక రాలేకపోయిరని దీనివలన ఊహింపవచ్చును.

ఈ నివేదిక వెలువడిన దినముననే వేరొక వార్త ప్రపంచమును ఆశ్చర్యపరచెను. అంతకుముందు జూన్ మాసమున ఇటలీ, స్పెయిను దేశముల వైద్యులు 1,600కు పైబడిన తీవ్ర రోగుల జన్యువులను శోధించి, మూడవ క్రోమోసోములోని ఒక భాగము అపాయమును పెంచుచున్నదని తెలిపిరి. ‘ఏ’ రక్తవర్గమువారికి కొంత అపాయమెక్కువ యనియు, ‘ఓ’ వర్గమువారికి కొంత తక్కువ యనియు చెప్పిరి. స్వాంటె పాబొ, హ్యూగో జెబర్గ్ అను పరిశోధకులు ఆ మూడవ క్రోమోసోము భాగము నియాండర్తాల్ మానవులనుండి మనకు సంక్రమించినదని సెప్టెంబరులో ప్రకటించిరి. క్రొయేషియా దేశపు గుహలో దొరికిన, సుమారు 50,000 సంవత్సరముల నాటి ఎముకలోని జన్యువులతో అది సరిపోయినది. యూరపు ప్రజలలో అది నూటికి 16 మందికి ఉండగా, దక్షిణాసియాలో ఇంచుమించు సగము మందికి కలదట. ఈ పాబొకే 2022లో నోబెల్ బహుమానము లభించెను.

సగము మందికి! ఈ వార్త చదివినవారికి మన జాతికి వినాశము వ్రాసిపెట్టియున్నదా యను భయము కలుగుట సహజము. అయితే మన శాస్త్రజ్ఞులు ఆ మాటను పరీక్షింపక అంగీకరింపలేదు. 1977లో స్థాపితమై హబ్సీగూడలో నెలకొన్న సి. సి. ఎం. బి. కి చెందిన కుమారస్వామి తంగరాజ్, కాశీ హిందూ విశ్వవిద్యాలయమునకు చెందిన జ్ఞానేశ్వర్ చౌబే మొదలగువారు, ఆ జన్యుభాగము ఎక్కువగా గల ప్రజలలో మరణములును ఎక్కువగా ఉన్నవా అని సరిపోల్చిరి. దక్షిణాసియా ప్రజలలో అట్టి సంబంధము కనబడలేదని 2021లో తెలిపిరి. యూరపులో కొలిచిన కొలబద్ద ఇచట యథాతథముగా సరిపోలేదన్నమాట.

దీనివలన జన్యువులకు ఏమియు సంబంధము లేదని తలపరాదు. మన దేహమున క్రిములను తొలుత ఎదుర్కొను ఇంటర్‌ఫెరాన్ అను పదార్థమొకటి కలదు. పుట్టుకతోనే దాని పనిలో లోపము కలవారు కొందరు తీవ్రరోగులలో కనబడిరి. 987 మంది తీవ్రరోగులలో 101 మందికి తమ దేహమే ఆ ఇంటర్‌ఫెరాన్‌ను అడ్డగించు యాంటీబాడీలను తయారుచేసికొన్నట్లు తేలెను. ఆ 101 మందిలో 95 మంది పురుషులే. ఇక ఆ నియాండర్తాల్ పూర్వికులే పండ్రెండవ క్రోమోసోములో మరియొక భాగమును మనకిచ్చిరి. అది తీవ్రవ్యాధి అపాయమును నూటికి 22 పాళ్ళు తగ్గించునట. ఒక చేత కష్టమును, ఒక చేత రక్షను ఇచ్చిరన్నమాట.

జన్యువు శాసించు తీరు అన్ని చోట్ల ఒక్కటి కాదు. తరతరములుగా తమలో తామే వివాహములు చేసికొను సమాజములలో కొన్ని జన్యుభేదములు దట్టముగా నిలిచిపోవును. మన వైశ్యులలో కొందరికి శస్త్రచికిత్స వేళ కండరములను సడలించుటకిచ్చు ఒక మందు ప్రభావము త్వరగా తొలగదు. దీనికి కారణము ఒక్క జన్యువు. అది తెలిసిన వైద్యుడు ముందుగా విచారించి మందు మార్చును. రోగి క్షేమముగా ఇల్లు చేరును. కరోనా విషయమున అట్టి ఒంటరి కారణము లేదు. చిన్నచిన్న జన్యుభేదములు పెక్కు కలసి తూకమును కొంచెము అటో ఇటో వంచును. వయస్సు, చక్కెర, రక్తపుపోటు, చికిత్స అందుటలోని ఆలస్యము ఆ తూకమున బరువైన రాళ్ళు.

2021 వేసవిలో వచ్చిన రెండవ వెల్లువ దీనినే మరల చూపెను. ప్రాణవాయువు అవసరమైన రోగులను స్టెరాయిడ్ మందు కాపాడుచున్నదని అంతకు ముందేడే తేలియుండెను. అదే మందు రక్తములోని చక్కెరను పెంచును. అదుపు తప్పిన మధుమేహము గలవారిలో నల్ల ఫంగస్ చెలరేగెను. మే మాసమున తెలంగాణ ప్రభుత్వము దానిని విధిగా తెలుపవలసిన వ్యాధిగా ప్రకటించి, కోఠిలోని చెవి, ముక్కు, గొంతు ఆసుపత్రిని దాని చికిత్సకు ముఖ్యకేంద్రము చేసెను. ఆ ఆసుపత్రికి చేరిన రోగులను అచటికి తెచ్చినది ముఖ్యముగా అదుపులో లేని చక్కెర.

అపాయము ఎవరికెక్కువో తెలిసినందువలన కలిగిన మేలు టీకాల క్రమమున కనబడెను. 1964లో ఎముకల ఆసుపత్రిగా పంజగుట్టలో ఆరంభమై, 1980లలో వైద్యవిజ్ఞాన సంస్థగా ఎదిగిన నిమ్స్‌లో 2020 జులైలో కొవాక్సిన్ టీకాను ఆరోగ్యవంతులైన స్వచ్ఛందసేవకులపై పరీక్షించిరి. 2021 జనవరి 16న దేశమున టీకాలు మొదలైనవి. వైద్యసిబ్బందికి, ముందువరుసలో పనిచేయువారికి పిమ్మట, మార్చి 1 నుండి 60 ఏండ్లు దాటినవారికిని, 45 దాటి దీర్ఘవ్యాధులు గలవారికిని ఇచ్చిరి. జన్యుపరీక్ష ఎవరును అడుగలేదు. వయస్సు, చక్కెర, రక్తపుపోటు — ఇవియే కొలతలు.

కావున ఆత్మీయులను కోల్పోయినవారు తమ వంశమును గాని, రక్తమును గాని నిందించుకొన పనిలేదు. జన్యువు కొంతవరకు వ్రాసినమాట నిజమే. కాని ఆ వ్రాత చివరిమాట కాదు. నలువది ఏండ్లు దాటినవారు ఏటేట చక్కెరను, రక్తపుపోటును పరీక్షింపించుకొనుట, ఊపిరి బరువైన దినముననే వైద్యుని చేరుట, ఇంటి వృద్ధులకు టీకా వేయించుట మన చేతిలోని పనులు. మరియొక అంటువ్యాధి ఎన్నడు వచ్చునో ఎవరును చెప్పలేరు. అది వచ్చినపుడు మన ఇండ్లలో ఎవరిని ముందు కాచుకొనవలెనో మాత్రము ఈసారి మనకు తెలిసియున్నది.